సారు అను మాట

ఇంగ్లండులో ఒకరి పేరునకు ముందు ‘సర్’ అను మాట చేరవలెనన్నచో వారు రాజు ఎదుట మోకరిల్లవలెను. రాజు కత్తితో వారి భుజములను తాకవలెను. కోరుట్లలో అదే మాట ఒకరి పేరునకు వెనుక చేరుటకు చేతిలో సుద్దముక్క ఉన్న చాలును. మొదటిది రాజు ఇచ్చునది. రెండవది రెండవ తరగతి పిల్లలు ఇచ్చునది. ఆంగ్లదేశములో ఈ మాట నేడు కొంత పాతబడినది. దుకాణమునకు వచ్చినవారిని, సైన్యములో పై అధికారిని, బడిలో ఉపాధ్యాయుని పిలుచుటకు తప్ప నిత్యవ్యవహారమున దానిని వాడువారు తక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మాత్రము అది తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు జనుల నోట నలుగుచునే యున్నది. అన్ని చోట్ల ఒకే అర్థముతో నలుగుచున్నదా అన్నది విచారింపదగిన విషయము.

ముందుగా దాని పుట్టుక. లాటిను భాషలో ‘సెనియోర్’ అనగా వయసున పెద్దవాడు. అంతకు మించి అందులో బిరుదు లేదు, అధికారము లేదు. ఆ మాట అరిగి ఫ్రెంచిలో ‘సీర్’ ఐనది. ఆంగ్లములో ‘సైర్’ అనియు ‘సర్’ అనియు రెండు రూపములు దాల్చినది. ‘సైర్’ రాజులను సంబోధించుటకు మిగిలినది. పందెపు గుఱ్ఱమునకు తండ్రి ఏదియని చెప్పుటకు కూడ ఆంగ్లేయులు ఆ మాటనే వాడుదురు, రాజులు దీనికేమనుకొనిరో! స్పెయినువారి ‘సెన్యోర్’, ఇటలీవారి ‘సిన్యోర్’, పత్రికలలో కనబడు ‘సెనేటు’, కళాశాలలో వినబడు ‘సీనియర్’, అన్నియు ఒక్క వంశములోనివే. తెలుగులో ‘పెద్దలు’, ‘పెద్దమనిషి’ అను మాటలు వయసు నుండి గౌరవమునకు నడచిన దారియు ఇదియే. వయసునకు మ్రొక్కుట అన్ని జాతులకును మొదటి మర్యాద.

ఈ వంశములోని మరియొక మాట ఆంగ్లపు ‘సర్’ కంటె ముందే తెలంగాణమునకు వచ్చినది. ఫ్రెంచివారి ‘ముస్యో’ అను సంబోధనలో రెండు ముక్కలు కలవు: ‘నా’ అనునది ఒకటి, ‘సర్’కు సోదరమైన ‘స్యో’ రెండవది. నిజాము సైన్యములో ఫ్రెంచి దళములను నడిపిన ముస్యో రేమాండు 1798లో మరణించెను. హైదరాబాదు జనులు ముస్యోను ‘మూసా’గా, రేమాండును ‘రాము’గా మార్చుకొనిరి, ఆయన పేరిట నిలిచినదే నేటి మూసారాంబాగు. అక్కడ బస్సు దిగు వేలాదిమందిలో తాము ‘సర్ రేమాండుగారి తోట’లో దిగుచున్నామని ఎరిగినవారెందరు? జగిత్యాలకోటను కూడ 1747 ప్రాంతమున ఫ్రెంచి ఇంజనీర్ల సాయముతో కట్టిరని చెప్పుదురు. జాక్, టాల్ అనువారు ఇద్దరు దానిని కట్టిరి గనుక ఊరికి జగిత్యాల అను పేరు వచ్చినదన్న కథయు ఆ ఊర వినబడును. ఊరిపేర్లకు చెప్పు ఇట్టి కథలను నమ్ముటకంటె విని ఆనందించుట మేలు.

ఇక ఆంగ్లదేశములో ‘సర్’ నడచిన దారి. అది వీరులకు, అనగా నైటు అను పదవి పొందినవారికి బిరుదైనది. ఇందులో ఒక నియమము కలదు. పిల్లలకు పాఠము చెప్పువారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఆ బిరుదు వ్యక్తి పేరునకే అంటును గాని ఇంటిపేరునకు అంటదు. న్యూటనునకు 1705లో ఆ బిరుదు వచ్చినది. ఆయన ‘సర్ ఐజాక్ న్యూటన్’, లేదా ‘సర్ ఐజాక్’. ‘సర్ న్యూటన్’ ఎన్నటికిని కాడు. ఆ గౌరవమునే స్త్రీలకు ఇచ్చినప్పుడు ‘డేమ్’ అందురు. ఆ మాటనే కాస్త సాగదీసి ‘సిర్రా’ అన్నచో గౌరవము పోయి ‘ఓరీ’ అన్నంత చులకన వచ్చును. పూర్వము యజమానులు నౌకర్లను అట్లు పిలిచెడివారు. ఒక్క అక్షరము చేరుటతో పెద్దవాడు చిన్నవాడై పోవుట వింతయే.

అయితే కత్తితో వచ్చిన ‘సర్’ ఒక్కటియే ఆ దేశమున లేదు. పుస్తకముతో వచ్చిన ‘సర్’ మరియొకటి ఉండెడిది. పదునారు, పదునేడు శతాబ్దులలో విశ్వవిద్యాలయమున బి.ఏ. పట్టము పొందినవానిని లాటినులో ‘దోమినుస్’ అని వ్రాసెడివారు. దానికి ఆంగ్లముగా ‘సర్’ అని పలికెడివారు. ఆ దారిని చర్చి గురువులకు కూడ ఆ పిలుపు వచ్చినది. షేక్‌స్పియరు నాటకములలో సర్ హ్యూ ఇవాన్సు, సర్ ఆలివర్ మార్‌టెక్స్టు అనువారు ఖడ్గధారులు కారు. ఊరి గుడి గురువులు. ‘మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్’ నాటకమున ఆ సర్ హ్యూ విలియం అను కుఱ్ఱవానిని నిలబెట్టి లాటిను వ్యాకరణము అడుగుచుండును, కుఱ్ఱవాడు తడబడుచుండును. కోరుట్లలోనో మెట్పల్లిలోనో విభక్తులు అప్పజెప్పలేక నిలుచున్న పిల్లవానికి ఆ దృశ్యము పరాయిది కాదు. బి.ఏ. చదివినవాడు ‘సర్’ అగుట తెలంగాణపు పల్లెలు కొత్తగా కల్పించినది కాదన్న మాట.

తెలుగునాట కత్తి వలన కలిగెడి ‘సర్’ బిరుదును పొందినవారు కొందరు గలరు. వారిలో ముఖ్యులు ఉపాధ్యాయులే యగుట గమనింపదగినది. రఘుపతి వెంకటరత్నము నాయుడుగారికి 1924లోను, సర్వేపల్లి రాధాకృష్ణనుగారికి 1931లోను, కట్టమంచి రామలింగారెడ్డిగారికి 1942లోను అది లభించెను. రవీంద్రనాథ టాగూరు 1915లో పొందిన ఆ బిరుదును జలియన్‌వాలాబాగు దారుణము చూచి 1919లో త్యజించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప రాధాకృష్ణనుగారు దానిని వాడుట మానుకొనిరి. రాజ్యాంగములోని 18వ అధికరణము ప్రభుత్వము ఇట్టి బిరుదులు ఇచ్చుటను నిషేధించినది. ఆయన పుట్టినదినమైన సెప్టెంబరు 5ను 1962 నుండి ఉపాధ్యాయ దినముగా జరుపుకొనుచున్నారు. ఆనాడు బడిపిల్లలు తమ గురువులను ‘సారు’ అనియే పిలుతురు. రాజు ఇచ్చిన ‘సర్’ పోయినది. పిల్లలిచ్చిన ‘సారు’ నిలిచినది.

1861లో ‘సర్’ ఐన ఆర్థర్ కాటనును గోదావరి రైతు ఏనాడును ‘సర్’ అనలేదు. ‘కాటన్ దొర’ అన్నాడు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది గనుక బిరుదు రాకముందే ఆయన దొర. ఆంగ్లపు ‘సర్’కు సరిజోడైన మాట ఏదని తెలుగు రైతునడుగగా అతడు చెప్పిన జవాబు ఇది. ‘దొర’ అచ్చముగా ద్రావిడపు మాట. తమిళులు ‘తురై’ అందురు, కన్నడిగులు ‘దొరె’ అందురు. మన్యమున అది తెగపేరులో కలిసినది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడచిన గాం గంటందొర, గాం మల్లుదొర అనువారి పేర్లలో అది సొంత గడ్డమీది పెద్దరికమును తెలుపును. గోదావరి తీరమున కృతజ్ఞతను, మన్యమున పౌరుషమును చెప్పు ఈ మాట తెలంగాణమునకు వచ్చుసరికి భయమును చెప్పినది. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో దొర అనగా గడిలో నివసించు భూస్వామి. వెట్టి చేయించువాడు అతడే, తగవు తీర్చువాడు అతడే, దండుగ వేయువాడు అతడే. ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న పలుకు ఆనాటి బ్రతుకునంతటిని నాలుగు ముక్కలలో చెప్పును. ‘బాంచ’ అనగా దాసి. మగవాడు సైతము తన్ను తాను దాసినని చెప్పుకొనిన పలుకిది. దాశరథి రంగాచార్యులవారు తమ నవలకు ‘చిల్లర దేవుళ్లు’ అని పేరు పెట్టుటలోని ఎత్తిపొడుపు ఈ దొరలను ఉద్దేశించినదే.

ఆ పల్లెలలో ఎవరిని ఏమని పిలువవలెనన్నది పుట్టుకతోనే నిర్ణయమై యుండెడిది. భూమి గలవాడు పటేలు. కల్లు గీయువాడు గౌడు. దుకాణము పెట్టినవాడు సేటు. తక్కినవారు వరుసలతో కాక, బావ, మామ, తాత అని పిలుచుకొనెడివారు. చదువు చెప్పువానికి పాత పేరు పంతులు. ఐతే ఆ పల్లెలలో ‘పంతులు’ అన్నచో పురోహితుడనియు అర్థము. బడికి వచ్చినది ఏ కులమువాడన్న ప్రశ్న ఆ మాట వెనుక పొంచియుండెడిది. నిజాము కాలపు ఉర్దూ బడులలో ‘సాబ్’ అనెడివారు. ఇది అరబ్బీలో ‘సాహిబ్’; మొదట దాని అర్థము తోడివాడు, చెలికాడు అని. తోడివాడు దొరయైన ఆ కథ వేరొకటి. సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారి బడిచదువు ఆ ఉర్దూలోనే సాగినది. ఆయన పిదప తెలుగు ఆచార్యుడై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమును అందుకొనెను.

ఈ పిలుపుల నడుమ ‘సారు’ వచ్చి కూర్చున్నది. ఆ మాటకు కులము లేదు. అది ఎవరి ఇంటిదియు కాదు గనుక అందరి ఇంటికిని వచ్చినది. పద్మశాలి కొడుకు, మాదిగ కొడుకు, బ్రాహ్మణుని కొడుకు, ఎవడు చదివి శిక్షణ పొంది బడిలో అడుగు పెట్టినను సారే. వాడలో పేరు పెట్టి అరే యని పిలువబడినవాడు గడప దాటి తరగతిలోనికి వచ్చుసరికి సారు అగుచున్నాడు. పటేలు మనుమడు సైతము లేచి నిలుచుండి చేతులు జోడించుచున్నాడు. దొర యగుటకు పుట్టవలెను. సారు అగుటకు చదివిన చాలును. విదేశపు మాట యని దీనిని తప్పుపట్టు భాషాభిమానులు ఈ ఒక్క లాభమును లెక్కలోనికి తీసికొనవలెను. కులపు వాసన లేని గౌరవపదమును ఆ పల్లెకు ఆంగ్లము అరువిచ్చినది.

తెలుగు దానిని ఉన్నదున్నట్లు పుచ్చుకొనలేదు. ఆంగ్లేయుడు పలుకునప్పటి పొట్టి ధ్వని సాగి ‘సా’ ఐనది. తెలుగు అజంతభాష గనుక చివర ఉకారము చేరినది. కారు, బస్సు, రోడ్డు మొదలగువానికి వర్తించిన సూత్రమే. అంతకంటె ముఖ్యమైనది స్థానము. ఆంగ్లమున ‘సర్’ పేరునకు ముందుండును. తెలుగున గారు, పంతులు, దొర, శాస్త్రి, అయ్య, అన్న అన్నియు పేరునకు వెనుక నుండునవే. ‘సారు’ వచ్చి ఆ వరుసలోనే నిలిచినది. రామయ్యసారు, లెక్కలసారు, డ్రిల్లుసారు, ప్రధానోపాధ్యాయుడైనచో పెద్దసారు. క్రియయు దానిని మన్నించును: పిల్లవాడు వచ్చిండు గాని సారు వచ్చిండ్రు. ‘వారు, వీరు’ అను మాటల తోక ఇందులోను ‘రు’ యగుట చేత చెవికి ఇది ముందే గౌరవవాచకముగా వినబడుచున్నది కాబోలు. బహువచనమున చిన్న చిక్కు కలదు. ‘రెండు సార్లు’ అన్నచో ఇద్దరు ఉపాధ్యాయులా, రెండు పర్యాయములా అని పిల్లలు పరిహాసమాడుకొందురు. పొరుగున కన్నడదేశములో ‘సారు’ అన్నచో వడ్డించుట మొదలుపెట్టుదురు. అది వారి చారు.

ఉపాధ్యాయినుల విషయమున భాష ఇంకను తడబడుచునే యున్నది. మేడమ్, టీచరమ్మ, టీచర్ అని మూడు పిలుపులు. ‘మేడమ్’ అనునది ఫ్రెంచిలో ‘నా గృహయజమానురాలు’ అను అర్థము నుండి వచ్చినది. అనగా మగవానికి వయసు వలన వచ్చిన గౌరవము స్త్రీకి ఇల్లు వలన వచ్చినది. ఇంగ్లండు బడులలో నేటికిని ఉపాధ్యాయుడు ‘సర్’, ఉపాధ్యాయిని పెండ్లియైనను ‘మిస్’. ఒకటి బిరుదు, రెండవది కన్య యను గుర్తు. ఈ అసమానతను మనసున నుంచుకొనియే కేరళ బాలల హక్కుల సంఘము 2023 జనవరిలో బడులలో స్త్రీపురుష భేదము లేకుండ ‘టీచర్’ అని పిలువవలెనని ఆదేశించినది. అందులో న్యాయము కలదు. ఐనను ఆదేశముచేత పిలుపు మారుట అరుదు.

ఇంతవరకు చెప్పినది బడిలోని సారు. బడి బయట మరియొక సారు కలడు. 1978 సెప్టెంబరు 7న వేలాది రైతుకూలీలు జగిత్యాలలో ఊరేగి సభ జరిపిరి. దానిని జగిత్యాల జైత్రయాత్ర యందురు. పల్లెలలో దొరలకు చాకలి, మంగలి పనులు బందు పెట్టిరి. అక్టోబరు 20న ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. తరువాతి కాలమున అనేకులు దొరలు గడులు విడిచి పట్టణములకు పోయిరి. వారితోపాటు ‘దొరా’ అను పిలుపు కూడ పలుచబడినది. కాని పిలుపు పోయినంత మాత్రమున వంగిన నడుము నిటారు కాదు. 1985లో తాలూకాల స్థానమున మండలములు వచ్చినవి. 2016 అక్టోబరు 11న జగిత్యాలయు, రాజన్న సిరిసిల్లయు జిల్లాలైనవి. కచ్చేరీలు ఊరికి దగ్గరయైనవి. ఆ కచ్చేరీ వాకిట పట్టాకాగితము చేతబట్టి నిలిచిన ముసలివాడు ‘సారూ, జర సూడుండ్రి సారూ’ అని ఇరువది ఏండ్ల గుమాస్తాను వేడుకొనునప్పుడు ఆ ‘సారు’ బడిలోనిది కాదు. అది దొర విడిచిపోయిన కుర్చీలో కూర్చున్న సారు. ‘పెద్దవాడు’ అని అర్థము గల మాటతో ఎనుబది ఏండ్లవాడు ఇరువది ఏండ్లవానిని పిలుచుట లాటిను నేర్చినవారికి నవ్వు తెప్పించవచ్చును. పిలుచువానికి మాత్రము నవ్వులాట కాదు.

రెండింటికిని అక్షరములు ఒక్కటే. తేడా స్వరములో నున్నది. బడిలో ‘సారూ’ అన్న కేకలో వేలు ఎత్తిన తొందర యుండును: నేను చెప్పుదును, నన్ను అడుగుమని. కచ్చేరీలో అదే దీర్ఘము దైన్యముగా సాగును. బడిలో సారు తప్పు వ్రాసినచో ‘సారూ, తప్పు’ అని పిల్లవాడు అనగలడు. ఠాణాలో ఎస్సైసారును అట్లు అనువారు అరుదు.

‘సారు’ అడుగుపెట్టని చోట్లును ఈ ప్రాంతమున లేకపోలేదు. సిరిసిల్లలో మరమగ్గములను సాంచెలందురు. నూలు ఇచ్చి గుడ్డ తీసికొనువాడు సేటు. సాంచెలు పెట్టుకొని ఆ నూలును కూలికి నేయించువాడు ఆసామి. ‘ఆసామి’ అరబ్బీలో ‘పేర్లు’ అను అర్థము గల మాట. శిస్తుపట్టీలో పేరు గలవాడని రైతుకు వచ్చి, అక్కడి నుండి సాంచెల యజమానిదాక నడచినది. అందరికంటె క్రింద నిలిచి పగలు రాత్రి సాంచె నడుపు కార్మికునకు పిలుపు అంటూ లేదు, పేరే. ప్రభుత్వ బడిపిల్లల ఏకరూప దుస్తులకు సిరిసిల్ల మగ్గములమీద గుడ్డ నేయుదురు. తండ్రి సేటునకు నేసిన గుడ్డను తొడిగికొని కొడుకు సారు ఎదుట కూర్చుండును.

కోరుట్ల, జగిత్యాలల నుండి గల్ఫు దేశములకు పోయినవారు అక్కడ మరియొక మాట నేర్చిరి: ‘అర్బాబ్’. పని ఇచ్చు యజమానిని అట్లందురు. అరబ్బీలో ‘రబ్’ అనగా ప్రభువు. దాని బహువచనము ‘అర్బాబ్’. తాతలు దొర చేతినుండి తప్పించుకొనగా మనుమలు కడలి దాటి ప్రభువును వెదకుకొనిరనుట కఠినముగా తోచవచ్చును. ఇంటి వద్ద బీడీలు చుట్టు తల్లులును, భార్యలును ఆ మాటను ఫోనులో విని నేర్చుకొనిరి.

ఆంగ్లములో ప్రభువును ‘లార్డ్’ అందురు. దాని పాత రూపమునకు రొట్టెను కాచువాడని అర్థము. న్యాయస్థానములలో ‘మై లార్డ్’ అనుట వలదని భారత బార్ కౌన్సిలు 2006లో చెప్పినది. క్రింది కోర్టులలో ‘సర్’ అనియో, ప్రాంతీయభాషలో దానికి సరియైన మాటయో చాలునన్నది. అనగా అక్కడ ‘సర్’ను సమానత కొరకు ఎన్నుకొనిరి. కేరళలో పాలక్కాడు జిల్లా మాత్తూరు పంచాయతీ 2021లో అందుకు విరుద్ధముగా, కచ్చేరికి వచ్చిన ప్రజలు ఉద్యోగులను ‘సర్’ అననక్కరలేదని తీర్మానించినది. ఒక్క మాట, ఒకచోట మందు, ఒకచోట రోగము. వైద్యుడు నాడి చూడవలసినది మాటకు కాదు, గదికి.

బడిలో ఉత్తరము వ్రాయుట నేర్పునప్పుడు ఈ నాడి కొంత తెలియును. ‘సర్’ అను సంబోధనకు తెలుగులో ‘ఆర్యా’ అనియు ‘అయ్యా’ అనియు వ్రాయింతురు. ‘అయ్యా’ చక్కని మాట. తెలంగాణమున అయ్య అనగా తండ్రి. ‘డియర్ సర్’ను ‘ప్రియమైన అయ్యా’ అని మక్కికి మక్కిగా దించుట మాత్రము తెలుగు కాదు. సెలవుచీటీలో ‘వేడుకొనుచున్నాను’ అనుటకు బదులు ‘కోరుచున్నాను’ అని వ్రాయించినచో గౌరవము తరుగదు. పదేండ్లవాడు జ్వరము వచ్చినదని చెప్పుటకు వేడుకొననేల? ఆ చేతివ్రాతతోనే రేపు అతడు కచ్చేరీకి అర్జీ వ్రాయును.

జగిత్యాల చెంత పొలాసలో వ్యవసాయ కళాశాలయు పరిశోధన స్థానమును కలవు. అవి కొత్తపల్లి జయశంకరుగారి పేరిట నున్న విశ్వవిద్యాలయమునకు చెందినవి. ఆయన అర్థశాస్త్ర ఉపాధ్యాయుడు, కాకతీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు. 2011లో కాలధర్మము నొందెను. విశ్వవిద్యాలయపు నామఫలకము మీద ఆయన పేరునకు ముందు ‘ప్రొఫెసర్’ అని యున్నది. విత్తనముల కొరకు వచ్చు రైతు మాత్రము ‘జయశంకర్ సారు కాలేజి యాడ?’ అని అడుగును.